ముల్లు 40 మీద, సీసాలో 24: పాలమూరు బడిలో ఒక నీటి రాకెట్ కేసు

నేపథ్యం

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. ఊరు, మండలం, సార్ల పేర్లు రాయడం లేదు, కేసుకు వాటితో పని లేదు. 9వ తరగతి, 38 మంది పిల్లలు, ఆరు గ్రూపులు. గమన నియమాలు చెప్పడం అయిపోయింది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందనే మూడో నియమాన్ని నీటి రాకెట్‌తో చూపించి, సీసాలో ఒత్తిడి పెరిగేకొద్దీ రాకెట్ ఎంత ఎత్తుకు పోతుందో పిల్లలతోనే గ్రాఫు గీయించాలని ఫిజిక్స్ సార్ ఆలోచన. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవంలో ఆ గ్రాఫు పెట్టాలి. చేతిలో ఐదు శనివారాలు, బడి వెనక పత్తికట్టె పీకేసిన చెల్క, డయల్ ఉన్న ఒక కాలిపంపు.

ఇబ్బంది

పిల్లలు చేసిన మొదటి రాకెట్‌కు 1.25 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, చార్టు పేపరు రెక్కలు, చార్టు పేపరు టోపీ. మూతికి రబ్బరు బిరడా. బిరడాకు బెజ్జం కొట్టి, పాత సైకిల్ ట్యూబులోంచి కోసిన వాల్వును అందులో దించారు. పంపు కొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట బిరడా ఊడుతుంది, రాకెట్ లేస్తుంది.

సార్ నోటుబుక్కులో మూడు ఫిర్యాదులున్నాయి. డయల్ ఒకే అంకె చూపించినా ఎత్తు ఒకసారి 8 మీటర్లు, ఇంకోసారి 15. రాకెట్ పైకి పోయేటప్పుడే పల్టీలు కొడుతోంది. ఒకటైతే అడ్డంగా పోయి మధ్యాహ్న భోజనం వండే షెడ్డు రేకుల మీద పడింది. ఆ తర్వాత హెడ్మాస్టర్ గారు పెట్టిన షరతు ఒక్కటే: నిలువుగా పోతుందని నమ్మకం కుదిరేదాకా బడి ఆవరణలో ఎగరేయొద్దు. సబబైన షరతే.

సార్ సాయం కోసం మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం వేరే: "నీళ్లు ఎన్ని పొయ్యాలి?" దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే వీల్లేదు. ఒత్తిడి ఎంతో తెలియకుండా, వదిలే క్షణం మన చేతిలో లేకుండా నీళ్లు మార్చి చూస్తే, మారింది నీళ్ల వల్లనా బిరడా వల్లనా అనేది తేలదు. అందుకే నీళ్ల సంగతి చివరికి నెట్టాం.

బిరడాను ఎందుకు వదిలేశాం

సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 21.7 మి.మీ., అంటే బెజ్జం వైశాల్యం 3.7 చదరపు సెం.మీ. 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే ఒత్తిడి కొలత) అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు. బిరడా మీద పడే తోపు 8 కిలోల దాకా వస్తుంది. దాన్ని ఆపేది రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ మధ్య రాపిడి ఒక్కటే. బిరడా తడిసిందా, పొడిగా ఉందా, దాన్ని దించిన పిల్లవాడి బొటనవేలు ఎంత గట్టిది, వీటిని బట్టి రాపిడి మారుతుంది. సరదాగా ఎగరేయడానికి బిరడా చాలు, గ్రాఫు గీయడానికి చాలదు.

దాని బదులు కేబుల్ టై (వైర్లను కట్టగట్టే ప్లాస్టిక్ పట్టీ) లాంచర్ ఎంచుకున్నాం. నిలువు పైపు మీద సీసా మూతిని తలకిందులుగా దించుతారు. పైపు చుట్టూ 8 కేబుల్ టైలు నిలబెట్టి, వాటి తలకాయలు సీసా మెడ దగ్గరి అంచును పట్టుకునేలా కింద స్టీలు క్లాంపుతో బిగిస్తారు. తలకాయలు విచ్చుకోకుండా పైనుంచి ఒకటిన్నర అంగుళం పైపు ముక్క, 8 సెం.మీ. పొడవుది, చేతి గాజులా తొడుగుతారు. తాడు లాగితే గాజు కిందికి జారుతుంది, టైలు విచ్చుకుంటాయి, సీసా లేస్తుంది. తాడును గాజుకు ఒకపక్కే కడితే అది వంకరపోయి ఇరుక్కుంటుంది. రెండు పక్కలా కట్టి, రెంటినీ కింద ఒక ముడికి కలిపితే తిన్నగా జారుతుంది.

ఈ పనిలో ఒక రోజు తినేసింది పైపే. "హాఫ్ ఇంచ్" అని అడిగితే మన దగ్గర మూడు రకాలు ఇస్తారు. బోరు, పొలం పనులకు వాడే పీవీసీ బయటి వ్యాసం 20 మి.మీ.; మూతిలో లొడలొడలాడుతుంది, ఎంత వాషరు పెట్టినా కారుతుంది. వేడినీళ్ల లైనుకు వేసే సీపీవీసీ దాదాపు 16 మి.మీ.; ఇంకా వదులు. కావలసింది ఇళ్లలో చన్నీళ్ల లైనుకు వేసే తెల్ల యూపీవీసీ. దాని బయటి వ్యాసం 21.3 మి.మీ., మూతిలో కొలిచి చేసినట్టు కూర్చుంటుంది. షాపుకు ఖాళీ సీసా తీసుకుపోయి అక్కడే దించి చూసుకోవడం మేలు. అందులోనూ మందం గోడ ఉన్న షెడ్యూల్ 80 తీసుకోవాలి, ఎందుకంటే దాని మీద ఓ-రింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) కోసం గాడి కొయ్యాలి.

గాడి కొలత: లోతు 2 మి.మీ., వెడల్పు 3 మి.మీ. కాస్త పైన. హ్యాక్సా బ్లేడుతో రెండు గీతలు కోసి, మధ్యలోది సన్న ఆకురాయితో తీసేయాలి. ఓ-రింగు లోపలి వ్యాసం 17, మందం 2.5 మి.మీ. అయితే పైపు మీద అర మిల్లీమీటరు ఉబ్బి ఉంటుంది, మూతిలో నొక్కుకుని గాలి ఆపుతుంది. గాడి ఇంకా లోతైతే రింగు మునిగిపోయి కారుతుంది, తక్కువైతే మూతిలో దిగదు. గాడి ఉండాల్సిన చోటు సీసా అంచు నుంచి 12 నుంచి 15 మి.మీ. లోపలికి. దాని పైన పైపు ఇంకో 20 సెం.మీ. పొడవు సీసాలోకి పోతుంది కాబట్టి దాని నోరు నీటిమట్టానికి పైనే ఉంటుంది, నీళ్లు పంపువైపు దిగవు.

నీళ్లు పోసిన సీసాను పైపు మీద తిరగేయడం కుదరదు, ఒలికిపోతాయి. సీసాను నేలమీద నిలబెట్టి, లాంచర్‌నే తలకిందులుగా అందులోకి దించి, గాజు ఎక్కించి, రెండూ కలిపి తిప్పాలి. ఆ తిప్పుడు వీలుగా ఉండాలనే లాంచర్‌ను రెండడుగుల చెక్కకు మించి పెద్దగా చేయలేదు. ఎగరేసే ముందు చెక్కను నాలుగు మూలలా మేకులతో నేలకు దిగ్గొడితే చాలు.

తిన్నగా పోకపోవడం

రెండు లాంచర్లు తయారయ్యేలోపు పల్టీల సంగతి చూశాం. దీనికి ఎగరేయాల్సిన పని లేదు. ఖాళీ రాకెట్‌ను స్కేలు అంచు మీద తూచితే బరువు కేంద్రం దొరుకుతుంది. రాకెట్ నీడ ఆకారాన్ని అట్టమీద గీసి, కత్తిరించి, ఆ అట్టనూ అలాగే తూచితే గాలి తోపు ఎక్కడ పడుతుందో, అంటే గాలి కేంద్రం, ఉజ్జాయింపుగా తెలుస్తుంది. బరువు కేంద్రం గాలి కేంద్రం కంటే ముక్కు వైపు, కనీసం ఒక సీసా వ్యాసమంత ముందుండాలి. ఇక్కడ సీసా వ్యాసం 8.8 సెం.మీ., రెండు కేంద్రాల మధ్య దూరం మాత్రం 1 సెం.మీ. నీళ్లు వెళ్లిపోగానే రాకెట్‌కు ఏది ముందో ఏది వెనకో తెలియదు.

చార్టు పేపరు రెక్కలు సీసా నడుముకు అంటించి ఉన్నాయి, అదీ మొదటి చుక్క నీటికే మెత్తబడేవి. వాటి స్థానంలో పాత ప్రచార బోర్డుల సన్‌ప్యాక్ షీటుతో 10 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు రెక్కలు మూడు కోసి, మూతి వైపు చివరన పెట్టించాం. ముక్కులో 45 గ్రాముల మట్టి. బరువు కేంద్రం ముక్కు నుంచి 17.5 సెం.మీ. దగ్గరికి వచ్చింది, అట్ట చెప్పిన గాలి కేంద్రం 27 దగ్గర. తర్వాత బరువు కేంద్రం దగ్గర రెండు మీటర్ల సుతిలి కట్టి తలచుట్టూ తిప్పారు. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే పాసు, అడ్డంగా తిరిగితే ఫెయిలు. హెడ్మాస్టర్ గారికి లెక్కల కంటే ఈ తిప్పుడే నమ్మకం కలిగించింది.

మట్టి బరువు పెడితే ఎత్తు తగ్గిపోతుంది కదా అని పిల్లలు ముందు ఒప్పుకోలేదు. కానీ మరీ తేలిక వస్తువును గాలి వెంటనే ఆపేస్తుంది. ఒక థర్మకోల్ ముక్కను, అంతే సైజు రాయిని విసిరి చూపిస్తే ఆ వాదన అక్కడితో ఆగిపోయింది. మట్టి పెట్టాక మొత్తం రాకెట్ 125 గ్రాములు.

అంటించడంలో ఒక గ్రూపు దెబ్బతింది. గ్లూ గన్‌తో రెక్కలు అంటిస్తే జిగురు పడిన చోట సీసా తెల్లబారి ముడుచుకుంది. సీసాను చేసిన పెట్ ప్లాస్టిక్ 70–80 డిగ్రీల మధ్యే మెత్తబడటం మొదలవుతుంది, గ్లూ గన్ జిగురు అంతకంటే చాలా వేడి. ఫెవిక్విక్ అయితే ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తుంది. ఫెవికాల్ పట్టదు. మిగిలింది రెండువైపులా అంటుకునే టేపు, పైనుంచి బ్రౌన్ ప్లాస్టర్ చుట్టడం. మోటుగా కనిపిస్తుంది, నిలుస్తుంది.

ఎగరేసే ప్రతి సీసానూ ముందు నీళ్లతో పరీక్షించాం. సీసాను అంచుదాకా నింపి, లాంచర్‌కు బిగించి, 70 పీఎస్‌ఐ దాకా కొట్టి రెండు నిమిషాలు ఉంచడం. గాలితో నిండిన సీసా పగిలితే బాంబులా పేలుతుంది. నీళ్లు నొక్కుడుపడవు కాబట్టి వాటిలో దాగే శక్తి చాలా తక్కువ. గ్లూ గన్ సీసా 55 దగ్గర తెల్లమచ్చ మీదనే చీలింది. 'టప్' అని చిన్న చప్పుడు, చెక్కమీద నీళ్లు, అంతే. కూల్‌డ్రింక్ సీసాలే ఎందుకో, తాగునీళ్ల పలచని సీసాలు ఎందుకు వద్దో మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

తప్పుదారి పట్టిన శనివారం

కొత్త లాంచర్, కొత్త రెక్కలు. రాకెట్ తిన్నగా లేచింది. 400 మి.లీ. నీళ్లు, డయల్ మీద 40. లెక్క ప్రకారం 30 మీటర్లు దాటాలి. వచ్చింది 18.

ఇక్కడ అందరూ రాకెట్‌నే తప్పుపట్టారు. నీళ్లు 600 మి.లీ.కు పెంచారు, ఎత్తు ఇంకా తగ్గింది. మట్టి తీసేశారు, మళ్లీ పల్టీలు. రెక్కలు కుదించారు, తేడా లేదు. ఒక్కో ప్రయత్నానికీ ఒక కారణం చెప్పగలం, అదే చిక్కు. ఏ కారణమైనా నమ్మబుద్ధేస్తుంది.

దారి చూపింది రెండు లాంచర్ల మధ్య తేడా. ఒకటో లాంచర్ మీద 18 మీటర్లు, రెండో దాని మీద 22. రాకెట్‌లను అటూ ఇటూ మార్పించాం. ఏ రాకెట్ పెట్టినా ఒకటో లాంచర్ 18 దగ్గరే, రెండోది 22 దగ్గరే. తేడా రాకెట్ వెంట పోవడం లేదు, లాంచర్ దగ్గరే ఉంటోంది. అప్పటికి రాకెట్‌ను సవరించడం ఆపేయాలని తేలింది.

రెండో ఆధారం పంపు దగ్గర కూర్చున్న అమ్మాయి చెప్పింది. "సార్, సీసా ఇంకా మెత్తగనే ఉంది, ముల్లు మాత్రం పదిహేను మీదకి పోయింది." నిజమే. నాలుగు దెబ్బలు కొట్టాక సీసాను వేలితో నొక్కితే లొట్టపోతోంది. 15 పీఎస్‌ఐ ఉన్న సీసా అలా లొట్టపోదు, గోడలా ఉంటుంది.

రెండు లాంచర్లకూ సైకిల్ ట్యూబు వాల్వులే ఉన్నాయి. ఆ వాల్వు లోపల సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. పంపు గాలి ఆ రబ్బరును ఉబ్బించి, దాని పక్కనుంచి దూరి లోపలికి పోవాలి. ఉబ్బించడానికే కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. డయల్ ఉన్నది పంపు వైపు. కాబట్టి అది చూపించేది సీసాలోని ఒత్తిడికి రబ్బరును తెరిచే ఒత్తిడి కలిపిన మొత్తం. ఒకటో లాంచర్‌లో రబ్బరు కొత్తది, బిర్రుగా ఉంది. రెండోదానిలో పాతది, సాగిపోయింది.

ఇది ఊహ. రుజువు కావాలంటే సీసా లోపలి ఒత్తిడిని లోపలే కొలవాలి.

సీసాలో స్కేలు

సెలైన్ ఎక్కించే ప్లాస్టిక్ గొట్టం, వాడనిది, 20 సెం.మీ. ముక్క. ఒక కొసను కొవ్వొత్తి మీద వేడిచేసి పటకారుతో నొక్కి మూసేశారు. తెరిచిన కొస దగ్గర చిన్న ఇనుప నట్టు బరువు. దీన్ని నీళ్లున్న సీసాలో వేసి లాంచర్ బిగించి తిప్పితే నట్టు మెడ దగ్గరికి దిగుతుంది, తెరిచిన కొస నీళ్లలో ఉంటుంది, మూసిన కొస పైకి ఉంటుంది. సీసాలో ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి, లోపల చిక్కిన గాలి కురచవుతుంది. బాయిల్ నియమమే. గాలి పొడవు సగమైతే మొత్తం ఒత్తిడి రెట్టింపు.

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ మామూలు గాలి ఒత్తిడి 14.7 కాకుండా 14 పీఎస్‌ఐకి కాస్త తక్కువ. 14 అనే తీసుకున్నాం. 20ని 14తో గుణించి, గొట్టంలో మిగిలిన గాలి పొడవుతో భాగించి, 14 తీసేస్తే సీసాలో ఉన్న ఒత్తిడి. తిప్పేటప్పుడు గొట్టంలోకి ఒకటి రెండు చుక్కలు దూరవచ్చు, అందుకే పంపు కొట్టకముందే గాలి పొడవు చూసుకోవాలి. 20కి తేడా వస్తే ఆ అంకెనే లెక్కలో వేయాలి. సీసా రంగులేనిది కావాలి. సీసా మీద కాగితం స్కేలు అంటించి, మూడు మీటర్ల దూరం నుంచి ఫోను జూమ్ చేసి చదివారు. గాలి నిండిన సీసా దగ్గరికి మొహం పెట్టనివ్వలేదు. కొలత అయ్యాక వాల్వు వదులుచేసి గాలి తీసేయడమే. గొట్టం లోపల ఉండగా ఎగరేస్తే నట్టు బుల్లెట్ అవుతుంది.

ఒకటో లాంచర్: డయల్ 20 దగ్గర గాలి పొడవు 15 సెం.మీ., అంటే సీసాలో 5 పీఎస్‌ఐ కూడా లేదు. 30 దగ్గర 9.8, సీసాలో 15. 40 దగ్గర 7.4, సీసాలో 24. రెండో లాంచర్‌లో డయల్ 40కి 6.7, అంటే 28.

ఒకటో లాంచర్‌లో డయల్‌కూ సీసాకూ తేడా మూడు చోట్లా దాదాపు ఒకటే, 15 నుంచి 16. డయల్ స్ప్రింగు సాగిపోయి ఉంటే ఒత్తిడి పెరిగేకొద్దీ తేడా కూడా పెరిగేది. ఎక్కడైనా కారుతుంటే పంపు ఆపగానే గొట్టంలో నీళ్లు దిగేవి, అవి కదల్లేదు. ఎప్పుడూ ఒకే మొత్తం మినహాయించుకునేది తెరుచుకోవడానికి ఇంత కావాలనే వాల్వు ఒక్కటే. డయల్ కొనాల్సిన ఖర్చు అలా తప్పింది.

పంక్చర్ షాపులో దొరికే ట్యూబ్‌లెస్ టైరు వాల్వును లాంచర్ కింది ఎండ్ క్యాప్‌కు 11.5 మి.మీ. బెజ్జం కొట్టి లోపలినుంచి లాగి కూర్చోబెట్టారు. దీనిలో పంపు తలకాయలోని పిన్ను వాల్వు పిన్నును నొక్కిపట్టి ఉంచుతుంది, కాబట్టి డయల్‌కూ సీసాకూ మధ్య దారి తెరిచే ఉంటుంది. మళ్లీ కొలిస్తే డయల్ 30కి 6.4 సెం.మీ., అంటే 30. డయల్ 40కి 5.3, అంటే 39. చివరి దెబ్బ కొట్టాక ముల్లు కుదురుకునేదాకా ఆగి చదవాలి.

అదే రాకెట్, అవే 400 మి.లీ. నీళ్లు, డయల్ 40: ఈసారి 31 మీటర్లు.

నీళ్ల ప్రశ్న

ఇప్పుడు నీళ్లు మార్చి చూడటానికి అర్థముంది. 40 పీఎస్‌ఐ దగ్గర ఒక్కో కొలతకు మూడుసార్లు ఎగరేశారు. గాలిలో ఉన్న సమయం సగటున 200 మి.లీ.కు 4.5 సెకన్లు, 300కు 5.0, 400కు 5.1, 500కు 4.8, 600కు 4.2. నీళ్లు తక్కువైతే తోసేందుకు సరుకు చాలదు. ఎక్కువైతే గాలికి చోటు తగ్గి, నీళ్లన్నీ బయటికి నెట్టేలోపే ఒత్తిడి పడిపోతుంది, పైగా మోయాల్సిన బరువు ఎక్కువ. 40 దగ్గర నీళ్లు సెకనుకు 23 మీటర్ల వేగంతో మొదలై సెకనులో పదహారో వంతు లోపే అయిపోతాయి. ఆ కాస్త సేపట్లోనే అంతా.

300, 400 మధ్య తేడా ఉందా అని రెండు గ్రూపులు గొడవపడ్డాయి. స్టాప్‌వాచ్ నొక్కే చేతిలో 0.2 సెకను తప్పు ఉంటుంది. ఎత్తును సమయం వర్గానికి 1.22తో గుణించి తీస్తున్నాం కాబట్టి 5 సెకన్ల దగ్గర అది రెండున్నర మీటర్ల తప్పు. 5.0కూ 5.1కీ మధ్య గెలుపోటములు తేల్చడం కుదరదని బోర్డు మీద రాసి వదిలేశాం. సరిచూడటానికి 30 మీటర్ల దూరంలో కోణమానిని, దారం, నట్టుతో ఒక పిల్లవాడిని నిలబెట్టారు. 44 డిగ్రీలు వస్తే 29 మీటర్లు, కంటి ఎత్తు 1.3 కలిపితే 30.3. రెండు పద్ధతులూ కలిశాయి.

అసలు గ్రాఫు, 400 మి.లీ.తో: 20 పీఎస్‌ఐకి 15 మీటర్లు, 30కి 24, 40కి 31. పైకి పోయేకొద్దీ గీత కొంచెం వంగుతుంది, గాలి అడ్డుపడటం వల్ల. 45 దాటి కొట్టకూడదని ముందే కట్టుబాటు. 70 దగ్గర పరీక్షించిన సీసాలైనా పదిహేను ఎగరేతలకు మించి వాడలేదు. ముడత కనిపించినా, తెల్లగీత కనిపించినా అంతకుముందే తీసేశారు. తాడు 10 మీటర్ల నైలాన్, ఎందుకంటే సుతిలి సాగి గాజు ఆలస్యంగా జారేది. ఎగరేసేది ఉదయం పదిలోపే, తర్వాత చెల్కలో గాలి లేస్తుంది.

తేలకుండా మిగిలినవి

పారాచూట్ రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ విప్పుకోలేదు. టోపీ బిగుతుగా ఉంటే ఊడదు, వదులుగా ఉంటే లేచేటప్పుడే ఊడుతుంది. ఉన్న సమయంలో దాన్ని వదిలేయడమే సరైనదనిపించింది. దిగేచోట పిల్లలు లేకుండా చూసుకుంటే మట్టి ముక్కు చెల్కలో దిగబడుతుంది, రాకెట్ బతుకుతుంది.

ఓ-రింగు రెండు శనివారాలకు ఒకటి పోయింది. ఎర్రమట్టి ఇసుక గాడిలో చేరి రబ్బరును కోస్తోంది. సీసా దించే ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, చుక్క గిన్నెల సబ్బు నీళ్లు రాయడం మొదలుపెట్టాక ఎక్కువ రోజులు వచ్చింది. నూనె రాస్తే మట్టి ఇంకా ఎక్కువ పట్టింది.

సైన్స్ దినోత్సవం రోజు గ్రాఫు పక్కనే పాత సైకిల్ వాల్వు, సెలైన్ గొట్టం, ఒకటో లాంచర్ అంకెలు కూడా పెట్టారు. ముల్లు సంగతి పట్టిన అమ్మాయే వచ్చినవాళ్లకు వివరించింది. "మరి సైకిల్ షాపుల గాలి కొట్టినప్పుడు ముల్లు నలభై చూపిస్తే టైరుల ఎంతుంటది సార్?" అని ఆమె అంతకుముందు రోజు అడిగింది. వాల్వు రబ్బరు కొత్తదా పాతదా చూడకుండా ఆ లెక్క చెప్పలేమని సార్ జవాబు. తన సైకిల్ వాల్వు విప్పి తెచ్చి లాంచర్‌కు బిగించింది. డయల్ 40కి గొట్టంలో గాలి 7 సెం.మీ.